సిరిసిల్ల సినిమా ముచ్చట

నాకు కోపం త్వరగా రాదు. వచ్చిందంటే మాత్రం త్వరగా పోదు. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే ఇది. నేను కోపంగా ఉన్న రోజుల్లో మా ఆయన వంటింటి వైపు రాకుండా బయటే చాయ్ తాగి వచ్చేవాడు. ఇప్పుడు ఆయన లేడు, కోపం మాత్రం అలాగే ఉంది. జగిత్యాలలో ఆ సినిమా చూసొచ్చి చాలా రోజులైంది. కోపం తగ్గాక రాద్దామని కాగితాలు పక్కన పెట్టాను. తర్వాత అనిపించింది, తగ్గాక రాస్తే మర్యాదగా రాస్తానని. ఇది మర్యాదగా రాయాల్సిన సంగతి కాదు.

మా అక్క రాజవ్వ, బావ పోయాక, కోరుట్లలో కొడుకు దగ్గర ఉంటుంది. ఆమె మనవడు సంతోష్ కువైట్‌లో డ్రైవరు. సంతోష్ భార్య మమత కోరుట్ల బస్టాండు దగ్గర ఒక షాపులో పెళ్ళి జాకెట్ల మీద మగ్గం పని చేస్తుంది. ఆ పనికి పోవడానికి ఆ పిల్ల ఎంతమందిని బతిమాలిందో నాకు తెలుసు. ముందు అత్తను, తర్వాత మామను, చివరికి ఫోనులో మొగుణ్ణి. ఒప్పుకున్నాక సంతోషే డబ్బు పంపి పాత స్కూటీ ఒకటి కొనిపెట్టాడు, అది నేను కాదనను. పెళ్ళయిన కొత్తలో మా ఇంటికొస్తే గోడకు అతుక్కుని నిలబడి, అడిగినదానికి తలూపి ఊరుకునే పిల్ల. షాపుకు పోవడం మొదలయ్యాక నాతో వాదించడం నేర్చుకుంది. నేను కట్టుకున్న చీరకు నా జాకెట్టు నప్పలేదని మొహం మీదే చెప్పింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఆ షాపులో పనిచేసే ఆడవాళ్ళంతా కలిసి జగిత్యాలలో సినిమాకు పోదామనుకున్నారు. గూఢచారి సినిమా. ఇంతకు ముందొచ్చిన ఒక పెద్ద సినిమాలో హీరో వెనక కాసేపు కనబడి, నలుగురిని తన్ని పోయిన ఒక అమ్మాయి ఉందట. ఆ అమ్మాయి అందరికీ నచ్చిందని ఇప్పుడు ఆమె ఒక్కదాని మీదే సినిమా తీశారు. మమత నాకు ఫోనులో గంటసేపు వివరించింది. "గండ్ల ఆమె ఎన్క నిలవడ్డది చిన్న బాపమ్మా. గిండ్ల ఆమెనే ముందట." నాన్నను మా వైపు బాపు, నాన్న తల్లిని బాపమ్మ అంటారు, ఆమె చెల్లెల్ని కాబట్టి నేను చిన్న బాపమ్మను. జగిత్యాలలోనే ఉంటాను గనుక నన్నూ రమ్మంది. అక్కను కూడా తీసుకొస్తానంది. "బాపమ్మ తోడుంటె ఇంట్ల ఎవ్వలేమనరు," అంది. ఆ తోడు అన్న మాట నాకు నచ్చలేదు గానీ, పోనీలే, అక్క ఒక సినిమా చూస్తుంది కదా అనుకున్నాను. అక్క హాల్లో సినిమా చూసి ఎన్నేళ్ళయిందో నాకు తెలుసు. నా చిన్నప్పుడు, నా పక్కనే కూర్చుని చూసింది. ఆ తర్వాత చూడలేదు.

అదెందుకో ముందు చెప్పాలి.

మా అమ్మానాన్నలు పెగడపల్లిలో కూలి పనికి పోయేవాళ్ళు. గుంట భూమి లేదు. మా ఊరి బడి అయిపోయాక పై చదువుకు నన్ను కోరుట్లలో అక్క అత్తగారింట్లో పెట్టారు. బావ అప్పటికే దుబాయ్ వెళ్ళిపోయాడు. ఇంట్లో అక్క, అక్క చంకలో బిడ్డ, అక్క అత్త ఎల్లవ్వ, నేను. ఆ ఇల్లంతా బీడీ వాసన. కాల్చిన బీడీ వాసన కాదు, చేయబోయే బీడీ వాసన. రాత్రి నీళ్ళలో నానబెట్టి గోనెసంచిలో చుట్టిన తునికాకు పచ్చివాసన, డబ్బాలో తంబాకు ఘాటు. నా లంగా జాకెట్లకు, నా పుస్తకాలకు, అన్నానికి కూడా అదే వాసన. బడిలో పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. నేను పట్టించుకునేదాన్ని కాదు, ఎందుకంటే వాళ్ళలో సగం మంది ఇళ్ళల్లోనూ అదే వాసన. పొద్దున్నే వాడ ఆడవాళ్ళంతా ఎల్లవ్వ అరుగు మీదికి చాటలతో వచ్చేవాళ్ళు. ఒళ్ళో చాట, చాటలో ఆకు, తంబాకు, దారం. చేతులు ఆగకుండా తిరిగేవి, నోళ్ళు అంతకంటే వేగంగా. సాయంత్రం వరసగా నడిచి కార్ఖానాకు పోయి బీడీలు ఒప్పజెప్పి వచ్చేవాళ్ళు. ఆ నడక అక్కకు ప్రాణం. పోయేటప్పుడు తల దువ్వుకుని పువ్వు పెట్టుకునేది.

ఎల్లవ్వ మంచి మనిషి. ఈ మాట ఇప్పుడే చెప్పెయ్యాలి, తర్వాత చెప్పబుద్ధి కాదు. ఆదివారం చర్చికి పోయేది, బతుకమ్మకు పాటలు తనే ఎత్తుకునేది, రెండింటిలో దేన్నీ ఒదిలేది కాదు. చూపు సరిగా ఆనేది కాదు. పొద్దున లేవగానే చాయ్‌లో పాత రొట్టె ముక్క నానబెట్టుకుని, దాన్ని చప్పరిస్తూ, ఇంట్లో ఎవరెవరు ఎక్కడున్నారో చప్పుళ్ళను బట్టి చెప్పేది. కోడల్ని ఒక్క మాట అనేది కాదు. రాజవ్వా అని పిలిచిందంటే ఆకలేస్తున్నట్టు, రాజీ అని పిలిచిందంటే ముద్దొస్తున్నట్టు.

మా వాడలో సినిమాకు పోవడానికి ఒక పద్ధతి ఉండేది. మొగుడు ఊళ్ళో లేని ఆడది ఒక్కతీ సినిమాకు పోకూడదు, పదిమంది కలిసినా పోకూడదు. ఒక ముసలామె వెంట ఉంటే పోవచ్చు. ఆ ముసలామెకు సినిమా కనబడనవసరం లేదు, వినబడనవసరం లేదు. ఉంటే చాలు. అందరూ కలిసి ఆమె టికెట్టు కొనేవాళ్ళు, ఇంటర్వెల్‌లో మిర్చి పెట్టేవాళ్ళు. మా వాడకు ఎల్లవ్వే తోడు. బొమ్మ మొదలు కాగానే గోడకు ఆనుకుని నిద్రపోయేది, ఫైటింగు చప్పుడుకు లేచి "ఎవలు సచ్చిన్రే" అని అడిగి మళ్ళీ పడుకునేది. ఇక మిగతావాళ్ళు నేల క్లాసులో కాళ్ళు చాపుకుని, చీకట్లోనే బీడీలు చేసేవాళ్ళు. కత్తిరించిన ఆకు తడిగుడ్డలో మూటగట్టి, తంబాకు చిన్న డబ్బాలో పెట్టి తెచ్చుకునేవాళ్ళు. సాయంత్రానికి లెక్క ఒప్పజెప్పాలి మరి, సినిమా చూశామంటే కార్ఖానావాడు ఊరుకోడు. కళ్ళు తెర మీద, వేళ్ళు ఆకు మీద. ఏడుపు సీన్లలో చేసిన బీడీలు వదులుగా వచ్చేవి, కార్ఖానాలో వాటిని ఏరి పారేసేవాళ్ళు. అందుకని ఏడిపించే సినిమాలకు మా వాళ్ళు పోయేవాళ్ళు కాదు. గూఢచారి సినిమాలంటే ఇష్టం. ఏడవాల్సిన పని ఉండదు.

అలాంటిదే ఒక సినిమా సిరిసిల్లలో ఆడుతోందని తెలిసింది. కోరుట్లకు ఎప్పుడొస్తుందో తెలియదు. ఎల్లవ్వ తమ్ముడు సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. ఆయన్ని చూసినట్టూ ఉంటుంది, సినిమా చూసినట్టూ ఉంటుందని ఎల్లవ్వే లేవదీసింది. రుద్రంగి మీదుగా పోయే బస్సెక్కి అందరం పోయాం. ఎల్లవ్వ తమ్ముడి ఇంటికి పోయేసరికి సాంచెల మోతకు ఒకరి మాట ఒకరికి వినబడలేదు. ఆయన అందరికీ చాయ్ పోయించి, హాలు దాకా వచ్చి దించి పోయాడు. ఆ సినిమాలో ఒక ఆడమనిషి ఉంది. తోలు చెప్పుల్లాంటివి కాదు, మోకాళ్ళ దాకా బూట్లు తొడుక్కుని, తుపాకీ పట్టుకుని, తనకంటే రెండింతలున్న మగవాణ్ణి మెట్ల మీద నుంచి తోసేసింది. అక్క నవ్వింది. అంత గట్టిగా నవ్వడం నేను ఎప్పుడూ వినలేదు. ఆమె ఒళ్ళో ఉన్న తంబాకు డబ్బా ఒలికిపోయింది. పక్కవాళ్ళు తుమ్ముతుంటే ఇంకా నవ్వింది. ఎల్లవ్వ ఆ రోజు నిద్రపోలేదు. కోడలు నవ్వుతుంటే ఆమె వైపే మొహం తిప్పి కూర్చుంది.

ఆ రోజుల్లో దుబాయ్‌కి ఉత్తరాల కంటే క్యాసెట్లు ఎక్కువ పోయేవి. చదువు రాని ఇళ్ళు. టేప్ రికార్డరు ముందు పెట్టుకుని చెప్పాల్సింది చెప్పి, సెలవు మీద వచ్చి తిరిగి పోయేవాడి చేతికిచ్చేవాళ్ళు. మా ఇంట్లో క్యాసెట్టు నింపేది ఎల్లవ్వే. ముందు ప్రార్థన చేసేది, తర్వాత గేదె సంగతి, వానల సంగతి. దుబాయ్ దూరం కాబట్టి అరిచి చెప్పేది. ఆ నెల క్యాసెట్టులో సిరిసిల్ల ముచ్చట చెప్పింది. నేను పక్కనే ఉన్నాను, నాకు ప్రతి మాటా గుర్తుంది. "కొడుకా, అందరం కల్సి సిరిసిల్లకు పోయి సినిమ సూసినం. నీ పెండ్లం గంత నవ్వంగ నేనెన్నడు సూడలే. సుట్టుపక్కలోళ్ళు సుత మల్లి మల్లి ఆమె దిక్కే సూసిన్రు. మస్తు సంబురమైంది కొడుకా." అంతే. భార్య దిగులుగా ఉంటుందని కొడుకు బెంగపడతాడేమో, వాడికి కాస్త ధైర్యం చెబుదామని ఆ తల్లి ప్రేమతో అన్న మాట.

ఆ క్యాసెట్టు ఒక్కడు వినడు. దుబాయ్‌లో బావతో గదిలో ఉన్నవాళ్ళంతా చుట్టూ కూర్చుని వింటారు. అందరూ మా వైపు ఊళ్ళవాళ్ళే, ఎవరింటి క్యాసెట్టు వచ్చినా అందరికీ పండగే. బావ చెడ్డవాడు కాదని మా అమ్మ చచ్చేదాకా అంటూనే ఉంది. కాకపోవచ్చు. కానీ పదిమంది మగవాళ్ళు ఒక గదిలో కూర్చుని ఒక ఆడదాని నవ్వు గురించి విన్నారు. చుట్టుపక్కలవాళ్ళు మళ్ళీ మళ్ళీ చూశారన్న మాట విన్నారు. ఆ తర్వాత ఎవడో ఒకడు ఏదో అన్నాడు. ఏమన్నాడో మాకు తెలియదు. తెలిసిందల్లా తిరిగి వచ్చిన క్యాసెట్టే.

దాన్ని కూడా మామూలుగానే అరుగు మీద పెట్టి వేశాం. వాడంతా చాటలతో కూర్చుని ఉన్నారు, దుబాయ్ ముచ్చట్లు విందామని. బావ గొంతు మెల్లగా ఉంది, అరవలేదు. అరిచి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదేమో. "అవ్వా, సినిమాలకు సిరిసిల్ల దాక ఉరికేటోళ్ళ కోసం నేనీడ ఎండల సస్తలేను. ఇయ్యాల్టి సంది అది గడప దాటద్దు. ఆకు నువ్వే తెచ్చియ్యి, బీడీలు నువ్వే ఇచ్చిరా. ఏడికి పోవాల్నన్న నన్నడిగినంకనే." అది అన్నాడు, పేరు కూడా అనలేదు. ఒక్కొక్కరే చాటలు ఎత్తుకుని లేచారు. అక్క చేతిలో సగం చుట్టిన బీడీ ఉంది. దాన్ని పూర్తిగా చుట్టి, దారం కట్టి, కట్టలో పెట్టి, లోపలికి పోయింది. ఎల్లవ్వ ఏడుస్తూ నన్ను పట్టుకుని, "నేను మంచిగనే చెప్పిన గదనే, చెప్పలేదానే," అని అడిగింది. చెప్పావు అన్నాను. ఏమనాలి మరి?

ఆ తర్వాత ఎల్లవ్వే కర్ర పట్టుకుని తడుముకుంటూ కార్ఖానాకు పోయేది. అక్క లోపలి గదిలో కూర్చుని చేసేది. వాడ ఆడవాళ్ళు అరుగు మార్చేశారు. ఎక్కడికైనా పోతానని అడగాలన్నా, జవాబు వినాలన్నా క్యాసెట్టు పోవాలి, మళ్ళీ రావాలి. ఆ ఏడే అమ్మ కామెర్లతో మంచాన పడింది. అక్క పెగడపల్లికి పోవాలని క్యాసెట్టులో అడిగింది. నేనే మీట నొక్కాను. జవాబు వచ్చేసరికి అమ్మ లేచి తిరుగుతోంది. అమ్మ బతికింది కాబట్టి ఆ సంగతిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నేను చూడ్డానికి పోయినప్పుడల్లా అమ్మ తలుపు వైపు చూస్తూ "పెద్దది రాలేదా" అని అడిగిన మాట మాత్రం నేను మర్చిపోలేదు. బావ తిరిగొచ్చి ఇక్కడే ఉండిపోయాక కూడా ఆ కట్టడి అలాగే నడిచింది. ఎత్తెయ్యాలని ఆయనకు తోచలేదు, ఎత్తెయ్యమని అక్క అడగలేదు. అలవాటైపోయిందన్నారు అందరూ. ఈ అలవాటు అన్న మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక జగిత్యాలకు వస్తాను. ఇప్పుడు హాలు హాల్లా లేదు, చల్లగా, మెత్తగా, మొక్కజొన్న పేలాల వాసనతో ఉంది. నేల క్లాసు లేదు. కుర్చీలో కూర్చోగానే అక్క చెప్పులు విప్పి, కాళ్ళు పైకి ముడుచుకుంది. షాపు ఆడవాళ్ళంతా ముందే బయట ఫోటో దిగారు, అందులో ఒకమ్మాయి దాన్ని వెంటనే స్టేటస్‌లో పెట్టింది. సినిమా నాకు అంతగా అర్థం కాలేదు, ఎవరు ఎవరి మనిషో తేలదు. కానీ ఆ గూఢచారి అమ్మాయి ఒక లిఫ్టులో ముగ్గురిని పడగొట్టినప్పుడు మమత నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను అక్క వైపు చూశాను. అక్క పళ్ళు బయటపెట్టి చూస్తోంది. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి.

ఇంటర్వెల్ దీపాలు వెలిగాయో లేదో మమత ఫోను మోగింది. వీడియో కాల్. ముందురోజు రాత్రే సంతోష్‌కు చెప్పింది సినిమాకు పోతున్నానని. మంచిది పో అన్నాడట కూడా. ఇప్పుడు అతని మొహం వేరుగా ఉంది. వెనక గదిలో మంచాల మీద మంచాలు, వాటి మీద నుంచి వేలాడే కాళ్ళు.

"పక్క సీట్ల ఎవలు కూసున్నరు? కెమెరా తిప్పు."

తిప్పింది. అదేదో రోజూ చేసే పనిలాగా తిప్పింది, అది చూసి నాకు ఇంకా మండింది. అటు నేను, ఇటు అక్క. ముందు వరసలో కాలేజీ పిల్లలు నిలబడి ఒళ్ళు విరుచుకుంటున్నారు.

"వాళ్ళెవలు?"

"నాకేం ఎర్క. ఎవలో."

"ఫోటల సుత నీ ఎన్కనే ఉన్నరు. ఈడ రూములందరు సూసిన్రు. ఇగ సాలు, లేసి ఇంటికి పో. రేపటి సంది షాపు బందు. స్కూటి తాళం బాపు చేతికియ్యి."

మమత లేచి బయటికి నడిచింది. మేమిద్దరం వెనకే. బయట మెట్ల దగ్గర నిలబడి మొహం గోడ వైపు తిప్పుకుంది. అక్క అప్పటికే చెప్పులు వేసుకుని, సంచీ చంకకు తగిలించుకుంది. "నడువు బిడ్డా, ఇంటికి పోదాం," అంది. వంట ఆలస్యమవుతోంది పోదాం అన్నట్టుగా అంది. ఆ క్షణంలో నాకు సంతోష్ మీద కంటే అక్క మీదే ఎక్కువ కోపమొచ్చింది. నీ బతుకు పాడయింది చాలదా, ఈ పిల్లను కూడా చెయ్యి పట్టి తీసుకుపోతావా అని అరవబోయాను. అరవలేదు. ఫోను లాక్కున్నాను.

ఆ రోజుల్లో క్యాసెట్టు పోయి బావ మాట రావడానికి నెలలు పట్టింది. అక్క సినిమా అంతా చూసింది, ఇంటికి వచ్చింది, ఆ నవ్వును కొన్నాళ్ళు దాచుకుంది. మమతకు ఇంటర్వెల్ కూడా దాటలేదు. మనం ముందుకు పోయామని అందరూ అంటారు. ఫోను పోయింది ముందుకు. గది అక్కడే ఉంది.

"ఏందిరా సంతోషూ, రాత్రి పొమ్మని, ఇప్పుడేంది?" అన్నాను.

"నీకు తెల్వది చిన్న బాపమ్మా, ఈడ రూములెట్లుంటదో. ఒక్కొక్కడు ఒక్కొక్క మాటంటడు. రేపు మొకమెట్ల సూపియ్యాలె?"

"మాటన్నోనితోటి కొట్లాడు. ఈ పిల్లతోటెందుకు కొట్లాట?"

"కొట్లాడుతలేను. ఇంట్ల ఉండుమంటున్న, గంతే. ఇంట్ల ఉంటె ఏమైతది? తాత దుబాయ్‌ల ఉన్నప్పుడు బాపమ్మ ఇంట్లనె ఉండలేదా? ఆమెకేమైంది? మంచిగనె ఉన్నది గదా."

  అక్క ఊరుకుంది కదా అని ఇల్లంతా మర్చిపోయిన ఆ సంగతిని, వీడు ఇప్పుడు సాక్ష్యంగా తెచ్చి ఈ పిల్ల ముందు పెట్టాడు. అక్క నా చేతిలోంచి ఫోను తీసుకుంది. వీడియోలో ఎటు చూడాలో ఆమెకు తెలియదు, మామూలు ఫోనులాగా చెవికి ఆనించుకుంది. అటువైపు సంతోష్‌కు కనబడింది ఆమె తెల్లవెంట్రుకలే అయి ఉంటాయి.

"నేను మంచిగ లేనురా," అంది.

"బాపమ్మా..."

"మీ తాత గట్లన్ననాడు మంచిగ లేను. అటెన్క సుత మంచిగ లేను. మా అవ్వ పాణం బాగలేకుంటె పోయి సూడలే. భయపడి ఊకున్న. ఊకుంటె మంచిగున్నట్టారా?"

 అటువైపు గదిలో ఎవరో టీవీ చప్పుడు తగ్గించారు. వాళ్ళంతా వింటున్నారని నాకు అర్థమైంది. విననీ అనుకున్నాను. అక్క ఫోను చెవి దగ్గర అలాగే పట్టుకుని, అతను ఏమంటాడోనని నిలబడింది. 

"సరే బాపమ్మా," అన్నాడు చివరికి. గొంతు తగ్గించాడు. "గీ ముచ్చట ఇప్పుడొద్దు. మీరు ఇంటికి పోయినంక మాట్లాడుదం." కాల్ కట్టయింది.

షాపు సంగతి తేలలేదు. స్కూటీ తాళం సంగతి తేలలేదు. మమత కళ్ళు తుడుచుకుంది. అక్కనే చూస్తోంది, మొదటిసారి చూస్తున్నట్టు.

"మరి గిన్నేండ్ల సంది ఎందుకు చెప్పలే బాపమ్మా?"

"ఎవలన్న అడిగితె గదా బిడ్డా," అంది అక్క.

లోపల బొమ్మ మళ్ళీ మొదలైంది, తుపాకుల చప్పుడు మెట్ల దాకా వినబడుతోంది. ఇంటికి పోదామన్నది ఆమే కాబట్టి నేను ఆటో కోసం రోడ్డు వైపు చూస్తున్నాను. అక్క చంకలోని సంచీ తీసి నా చేతిలో పెట్టింది.

"అటెటు సూస్తున్నవే? వాడు ఇంటికి పోయినంక మాట్లాడుదమన్నడు. మనం ఇంకా ఇంటికి పోలే గదా," అని మమత చెయ్యి పట్టుకుంది.

మమత ఫోను పూర్తిగా బంద్ చేసింది. ముగ్గురం లోపలికి పోయాం.